ఫ్లెక్సీలో లేని కళ్ళజోడు

నేను రాసే కాగితాలకు జవాబులు రావు. అది కొత్త సంగతేమీ కాదు. ఉదయగిరి కొండ మెట్ల మీదికి దొర్లిపడిన బండను పక్కకు తీయించమని రాశాను, రాలేదు. నేను తీసిన ఆ కొండ ఫోటోను కలిగిరిలో ఒక విత్తనాల కొట్టువాళ్ళు క్యాలెండరు మీద అచ్చు వేసుకుంటే, కింద నా పేరైనా వేయండని రాశాను, రాలేదు. అదే ఫోటో దుత్తలూరులో ఒక తిరునాళ్ళ ఫ్లెక్సీ మీదికి ఎక్కింది. దానికీ రాశాను. సోమవారం అర్జీలు తీసుకునే చోట నన్ను చూడగానే బల్ల వెనక కూర్చున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చూసుకోనీ. ఎవరు ఎలా చూశారో నాకు గుర్తుంటుంది.

ఈసారి జరిగింది మాత్రం ఓర్చుకోగలిగింది కాదు. ఆత్మకూరులో ఒక మనిషి చనిపోయింది. నాకు ఎవరూ కబురు చేయలేదు. నా ఫోన్ నంబరు ఆ ఇంట్లో ఉంది. నా ముఖం ఆ ఇంటివాళ్ళకు తెలుసు. అయినా నేను కెమెరా సంచికి జిప్పు వేయించుకుందామని పోయి, ఆత్మకూరు బస్టాండులో దిగి, ఎదురుగా కట్టిన ఫ్లెక్సీ చూసి తెలుసుకోవలసి వచ్చింది. ఆమె బొమ్మ, కింద అశ్రునివాళి అన్న మాట, చుట్టూ పూలు.

ఆ ఫోటో నేను తీసింది. దాని మీద ఉండవలసిన నా పేరు లేదు.

పోయిన మనిషి ఫోటో మీద కూడా పేరు కోసం కొట్లాటేనా అనుకునేవాళ్ళు అనుకోండి. చివరిదాకా చదివి అనుకోండి.

ఆమె పేరు ఇక్కడ రాయను. తన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద కూడా పేరు రాయించుకోని మనిషి. ఎందుకని అడిగితే, పని చూసి ఎవరిదో తెలుసుకోలేనివాళ్ళకు పేరు చూపించి ఏం లాభం అన్నది. అణకువతో అన్న మాట కాదది. నాకున్నంత గర్వం ఇంకొక మనిషిలో చూడటం నాకు అదే మొదలు.

పురుగుమందుల కొట్టు మీద మేడ, బయటినుంచి ఇనుప మెట్లు, కిందినుంచి ఎక్కివచ్చి గదిలోనే నిలిచిపోయే మందుల వాసన. అదీ ఆమె ఇన్‌స్టిట్యూట్. తమ్ముడికి బజారులో హోల్‌సేల్ కిరాణా కొట్టు ఉంది. తరతరాలుగా వ్యాపారం చేసిన ఇల్లు. ఆ ఇంట్లో అందరి లెక్కలూ గల్లాపెట్టె వైపు పోతే, ఈమె ఒక్కతే కంప్యూటర్ వైపు పోయింది.

మెడలో నల్లటి తాడు, తాడుకు కళ్ళజోడు. దగ్గర చూపుకు మాత్రమే అది కావాలి కాబట్టి ముక్కు మీద ఉన్నదానికంటే గుండెల మీద వేలాడినదే ఎక్కువ. ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడని అనుమానం వస్తే రెండు వేళ్ళతో తాడు పట్టుకుని కళ్ళజోడును మెల్లగా ఊపేది. అది ఊగడం మొదలైతే వచ్చినవాడు మాట మార్చుకోవాలి, లేదా మెట్లు దిగాలి. ఆమె పేరు తెలియనివాళ్ళు కూడా నల్లతాడు మేడం అంటే దారి చూపించేవాళ్ళు. టీ తెప్పించుకునేది, మీగడ కట్టేదాకా ముట్టుకునేది కాదు. ఆ మీగడను పెన్ను మూతతో పక్కకు తీసి, చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగి, వేడిగా తాగేవాళ్ళను జాలిగా చూసేది.

నన్ను అక్కడికి పంపింది ఫ్లెక్సీలు అచ్చువేసే కొట్టతను. అప్పుడు నా కొండ ఫోటో గురించి అతనితో గొడవ పడుతున్నాను. ఆ ఫోటో సంగతి చెప్పాలి. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే, దుత్తలూరు రోడ్డు పక్కన చేలో నిలబడి తీసింది. కొండ నడుముకు మబ్బు చుట్టుకుని ఉంది. మబ్బు మీద కోటగోడ, గోడ చివర ఒక బురుజు. కింద ఆధారం ఏమీ లేకుండా కోట గాలిలో నిలబడినట్టు ఉంటుంది. ఉదయగిరిలో స్టూడియో పెట్టి, పాస్‌పోర్టు ఫోటోలు తీసి బతుకుతూ, అలాంటి ఒక్క మబ్బు కోసం ఎన్ని వానాకాలాలు ఆ చేలో బురద తొక్కానో నాకే తెలుసు. జనం దాన్ని ఒక్క వేలితో ఎత్తుకుపోయారు.

ఫ్లెక్సీ అతను నవ్వాడు. "పేరులేని ఫోటో ఫంక్షన్ హాలు బయట విడిచిన చెప్పులన్నా. ఎవరి కాలికి పడితే వాళ్ళు ఏసకపోతారు. పురుగుమందుల కొట్టు పైన మేడం ఉండాది. ఆమె కాడికి పో. ఫోటోలకు ముద్ర ఏస్తాది."

పోయాను. ఆమె నన్ను కూర్చోమనలేదు. గదిలో ఖాళీ కుర్చీలు ఉన్నాయి, అన్నీ విద్యార్థులవట. నిలబడే మాట్లాడాను. ముద్ర వేస్తారట కదా అని అడిగితే, "నేను ఎయ్యను. ప్రోగ్రాం ఏస్తాది. నేను ప్రోగ్రాం రాస్తా," అన్నది. ఫోటోల మీద ఎవరిదో తెలిసేలా పలచగా వేసే పేరును వాటర్‌మార్క్ అంటారు. ఆమె మాత్రం ముద్ర అనేది.

నా కొండను స్క్రీన్ నిండా పెట్టుకుని చూసింది. తర్వాత నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఫోటోలో పడకుండా, దీనికి ఎడంపక్క ఏముండింది?"

నాకు ఒళ్ళు మండింది. నా ఫోటోకు నాకే పరీక్ష. అయినా చెప్పాను. ఎడమపక్క గొర్రెల మంద ఉంది. కాపరి నన్ను చూసి, భూమి కొలిచేవాడిననుకుని, ఈ చేలన్నీ ఎవరికి పోతున్నాయి సామీ అని అడిగాడు. మందలో ఒక గొర్రె అదే పనిగా దగ్గుతూ ఉంది.

"అట్టయితే నీదే," అన్నది.

ఇది నా ఒక్కడికే జరిగిన అవమానం అనుకున్నాను. తర్వాత తెలిసింది, ముద్ర కోసం మెట్లెక్కిన ప్రతివాడినీ ఆమె అదే అడుగుతుంది. వాట్సాప్‌లో చీరల ఫోటోలు పెట్టి అమ్ముకునే కొట్టువాళ్ళు వచ్చేవాళ్ళు, వాళ్ళ చీరల బొమ్మలను పక్క కొట్టువాళ్ళు పెట్టుకుంటున్నారని. పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్లు వచ్చేవాళ్ళు. చీర పరిచిన బల్ల అవతల ఏముండింది, పెళ్ళికూతురు పక్కన ఎవరు నిలబడి ఉండిరి అని అడిగేది. తీసినవాడు తడుముకోకుండా చెబుతాడు. కెమెరా కన్ను మూసినా మనిషికి ఇంకో కన్ను తెరిచే ఉంటుంది కదా. ఒకాయన ఎక్కడెక్కడివో ఫోటోలు దించుకొచ్చి, అన్నిటి మీదా తన పేరు వేయమన్నాడు. కళ్ళజోడు ఊగింది. జలపాతం ఫోటో చూపించి, ఇక్కడ నిలబడినప్పుడు నీ కాళ్ళు తడిసినాయా అని అడిగింది. ఆయన ఆలోచించాడు. ఆలోచించడంతోనే పని అయిపోయింది. ఆయన మెట్లు దిగుతుంటే చప్పుడు పైదాకా వినపడింది.

పేరు ఎక్కడ పెట్టాలన్నదాని మీద మాకు మొదటి రోజే పడింది. నడిమధ్యలో, ఈ చివరినుంచి ఆ చివరికి, పెద్దగా వేయమన్నాను.

"మధ్యలో ఏస్తే అది కొండ ఫోటో కాదు. నీ పేరు ఫోటో. ఎనకాల కొండ ఉంటాది, అంతే," అన్నది.

అయితే మూలన వేయండి అన్నాను. మూల కత్తిరించడానికి ఒక్క క్షణం చాలు, నీ పేరు చెత్తలోకి పోతుంది, కొండ వాళ్ళ గోడెక్కుతుంది అన్నది. మరి ఎక్కడ అని అరిచాను. ఆమె అలవాటు వేరు. అడిగినదానికి చెప్పడం తక్కువ, చూపించడం ఎక్కువ. తమ్ముడి కొట్టులో సబ్బుల పెట్టెనుంచి కత్తిరించుకున్న ఒక అట్టముక్క ఉండేది ఆమె దగ్గర, అగ్గిపెట్టె అంత. దాన్ని స్క్రీన్ మీద ఆనించి మెల్లగా జరపడం మొదలుపెట్టింది. ఆకాశం మీద పెట్టింది. కొండకు ఏమీ కాలేదు. "ఈడ ఏస్తే దొంగకు సులువు," అన్నది. మబ్బు మీద పెట్టింది. కోట గాలిలోంచి దిగి మామూలు గోడ అయిపోయింది. "ఈడ ఏస్తే బొమ్మ చచ్చిపోతాది." అట్టముక్క జరుగుతూ జరుగుతూ గోడ చివర బురుజు దగ్గర, రాళ్ళ సందులూ నీడలూ చిక్కగా ఉన్నచోట ఆగింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ముద్ర ఉన్నా బొమ్మ బతకాల. ముద్ర తీస్తే బొమ్మలో ఏదో ఒకటి పోవాల. పోయిందని ఎరిగినోళ్ళకు తెలవాల."

కెమెరా పట్టుకుని నా జుట్టు నెరిసింది. నా ఫోటోలో ఏది పోతే ఫోటో చస్తుందని నన్ను ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న నేనూ వేసుకోలేదు. ఆ గదిలో, మందుల వాసనలో, నిలబడిన కాళ్ళు నొప్పి పుడుతుండగా, ఒక అట్టముక్క నా ఫోటోను నాకు కొత్తగా చూపించింది. ఈ మాట నేను ఆమెతో అనలేదు. కుర్చీ ఇవ్వని మనిషితో అంటానా?

అట్టముక్కతో చేసిన ఆ పనినే ఆమె ప్రోగ్రాంగా రాసింది. నాకు అర్థమైనంత చెబుతాను. ఒక ఫోల్డరులో ఫోటోలు వేస్తే అది ఒక్కొక్కటే తెరుస్తుంది. ఫోటోను చిన్నచిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో వెలుగూ నీడా ఎంతగా మారుతున్నాయో లెక్క కడుతుంది. ఆకాశంలాగా మార్పు లేని గళ్ళను వదిలేస్తుంది. మనుషుల ముఖాలను గుర్తుపట్టి వాటినీ వదిలేస్తుంది. మిగిలినవాటిలో గీతలూ అంచులూ చిక్కగా ఉండి, బొమ్మలోని ముఖ్యమైనదాన్ని ఆనుకుని ఉన్న చోటు వెతుకుతుంది. ఆ చోటు చీకటిగా ఉంటే ముద్రను తెల్లగా, వెలుతురుగా ఉంటే నల్లగా మార్చి, వెనకనున్నది కనపడేటంత పలచగా పరుస్తుంది. అసలు ఫోటో జోలికి పోదు. ముద్ర పడినదాన్ని ఇంకో ఫోల్డరులో పెడుతుంది. ఆమె టీకి మీగడ కట్టేలోపల నా ఫోల్డరు మొత్తం అయిపోయేది.

మొదట్లో అన్నీ సరిగ్గా రాలేదు. నా ఫోనులో నిలువుగా తీసిన ఫోటోలన్నిటి మీదా ముద్ర పక్కకు పడుకుని వచ్చింది. నేను ఉదయగిరినుంచి బస్సెక్కి వచ్చి గొడవ చేశాను. ఆమెకు కోపం రాలేదు, సంతోషం వేసింది. నీ ఫోను అబద్ధాలకోరు అన్నది. ఫోను ఏ ఫోటోనైనా అడ్డంగానే దాచుకుని, పక్కన ఒక చీటీ పెడుతుందట, తిప్పి చూపించమని. మనకు చూపించేవన్నీ ఆ చీటీ చదివి తిప్పి చూపిస్తాయి. ఆమె ప్రోగ్రాం చీటీ చదవకుండా ముద్ర వేసింది. "చీటీ చదవడం నేర్పిస్తా పో," అని నన్ను పంపేసింది. అంత దూరం వచ్చినవాడికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

అసలు చిక్కు నా పేరుతో వచ్చింది. నా పేరు తెలుగులో ఉండాలన్నాను. ఇంగ్లీషులో వేసుకుంటే పోలా అని ఫ్లెక్సీ అతను అన్నాడు, ఆమె విద్యార్థులు అన్నారు, నా ఇంట్లోవాళ్ళు కూడా అన్నారు. నేను వినలేదు. ప్రోగ్రాం నా పేరును వేసేసరికి అక్షరాలు విడిపోయి వచ్చాయి. ఒత్తు తన అక్షరం కింద ఉండకుండా పక్కకు పోయి, తప్పిపోయిన పిల్లలా ఒంటరిగా నిలబడింది. ఆ ప్రోగ్రాంలో బొమ్మల మీద రాత రాసే భాగానికి మన అక్షరాలు ఒకదాని కింద ఒకటి కూర్చోవడం తెలియదట. ఆమె చాలా రోజులు దానితో పోరాడింది. నేను ఫోను చేసినప్పుడల్లా, కాలేదు అని పెట్టేసేది. ఇంగ్లీషులో వేసుకో అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. అది నేను గమనించాను. నాకు అవమానాలే గుర్తుంటాయని అనేవాళ్ళు ఈ ముక్క చదవాలి.

ఒకరోజు తనే రమ్మన్నది. పోయేసరికి స్క్రీన్ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. విద్యార్థుల కుర్చీ కాదు, వేరేది, ఎర్రది. కూర్చోమని నోటితో అనలేదు. నేను కాసేపు నిలబడి, తర్వాత కూర్చున్నాను. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

స్క్రీన్ మీద నా కొండ ఉంది. బురుజు దగ్గర, రాళ్ళ నీడల్లో కలిసీ కలవకుండా, నా పేరు ఉంది. ఒత్తు తన అక్షరం కింద ఒదిగి ఉంది. అచ్చక్షరాలు కావు. దీర్ఘం కొద్దిగా పైకి లేచి, చివరి అక్షరం తోక కిందికి వంగి, చేత్తో రాసినట్టు ఉంది.

"అక్షరాలు ఇనలా. నేనే రాసినాను," అన్నది. తెల్లకాగితం మీద మార్కరు పెన్నుతో నా పేరు రాసి, దాన్ని స్కాన్ చేసి, కాగితం తెలుపు తీసేసి, రాతను మాత్రం మిగిల్చి, దాన్నే ముద్రగా ప్రోగ్రాంకు ఇచ్చింది. పక్కన కాగితాల కుప్ప. వాటి నిండా నా పేరు. ఏ ఒక్కటీ నచ్చక మళ్ళీ మళ్ళీ రాసినట్టుంది.

అన్ని రోజుల్లో ఆమె నన్ను పేరుతో పిలవలేదు. మొదటి రోజునుంచీ "ఉదయగిరాయనా" అనే పిలిచింది, నువ్వు అనే అన్నది. దాని మీద నాకు లోపల కోపం ఉండేది. ఆ కాగితాల కుప్ప చూసిన రోజున అది ఎటు పోయిందో తెలియదు. తర్వాత ఎప్పుడో, అచ్చక్షరాలను సరిగ్గా కూర్చోబెట్టే దారి కూడా దొరికింది ఆమెకు. మార్చమంటావా అని అడిగింది. వద్దన్నాను. ఎందుకని అడగలేదు. కళ్ళజోడు కూడా ఊపలేదు.

ఆ ముద్ర బలం ఏమిటో వరికుంటపాడులో తెలిసింది. అక్కడ ఒక కొత్త ఎరువుల కొట్టు తెరుస్తూ పెద్ద ఫ్లెక్సీ కట్టారు, నా కొండతోనే. ముద్ర లేదు. ఈ కాలం ఫోన్లలో వేలితో రుద్దితే చాలు, వద్దన్నదాన్ని తీసేసి ఆ చోట ఏముండాలో అదే ఊహించి నింపుతుంది. నేను పోయి అడిగాను. కొట్టాయన చాలా మర్యాదగా, "గూగుల్లో దొరికిందన్నా. మీదని రాసుండాదా ఏంది?" అన్నాడు. ఎదురుగా టీ బంకు దగ్గర ఉన్న రైతులు మా వైపు తిరిగారు. నేను గొంతు పెంచలేదు. ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపించి, అందులో ఉన్నది ఏ కొండో చెప్పండని మాత్రం వాళ్ళను అడిగాను.

వాళ్ళు చూశారు. పుట్టినప్పటినుంచీ ఆ కొండను చూస్తున్నవాళ్ళు. పంచె ఎగ్గట్టిన ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టి దగ్గరికి వచ్చాడు.

"మన కొండే గానీ... బురుజు యాడబోయిందిరా దీనికి?"

ఇంకొకడు, "కొత్త కొట్టోళ్ళు బురుజు కూడా అమ్మేసినారేమో," అన్నాడు. నవ్వులు లేచాయి. ఫోను ముద్రను తుడుస్తూ బురుజును కూడా తుడిచి, ఆ చోట మబ్బు నింపింది. దానికి కొండ తెలియదు కదా. బురుజు దగ్గర నా పేరున్న ఫోటోను నా ఫోనులో చూపించాను. కొట్టాయన మొహం ఎర్రబడింది. సాయంత్రానికి ఆ ఫ్లెక్సీ దించేశారు. క్షమాపణ చెప్పలేదు. అది వేరే సంగతి. అది నేను మరిచిపోలేదు.

ఆత్మకూరు పోయి ఇదంతా ఆమెకు చెప్పాను. బురుజు యాడబోయిందిరా అన్న మాట దగ్గర ఆమె టీ గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయింది. మీగడ తీయడం కూడా మరిచిపోయింది. మళ్ళీ చెప్పమన్నది. ఆ పెద్దాయన ఎలా అన్నాడో అలాగే చెప్పమన్నది. చెప్పాను. "నా ప్రోగ్రాంకు అంతకంటే ఏం గావాల," అన్నది. బడాయి పోయిందని కాదు. దేవుడి పల్లకి ఇంటి ముందు ఆగితే మనుషులు ఎలా నిలబడతారో అలా ఉంది ఆమె ముఖం.

ఆ ముఖాన్ని చూసే, ఎర్ర కుర్చీలోంచి లేచి, ఫోటో తీశాను. పక్కనున్న కిటికీలోంచి వెలుతురు పడుతోంది. ఆమె గ్లాసు కింద పెట్టి స్క్రీన్ వైపు తిరిగి ఉంది. చేతిలో అట్టముక్క, గుండెల మీద కళ్ళజోడు. అడగకుండా తీసినందుకు తిట్టింది. తిట్టడం అయ్యాక పంపించమన్నది. "నా మింద అది ఏం జేస్తాదో చూడాల గదా," అని ఆ ఫోటోను ప్రోగ్రాంలో వేసింది. మామూలుగా ఫోల్డరు వేసి వదిలేసే మనిషి, ఆ ఒక్కసారి స్క్రీన్‌కు దగ్గరగా వంగి చూసింది. ప్రోగ్రాం ముఖాన్ని వదిలేసింది. కిటికీ వెలుతురును వదిలేసింది. నల్లతాడు కలిసేచోట, కళ్ళజోడు అద్దాల మీదినుంచి అట్టముక్క పట్టుకున్న వేళ్ళ దాకా, ఆమె చేత్తో రాసిన నా పేరు పలచగా పరుచుకుంది.

ఆమె నవ్వింది. అంతకుముందు ఆమె నవ్వగా నేను చూడలేదు. "ఏసింది జూడు, సరింగా యాడ ఏయాల్నో ఆడ," అన్నది.

ఇప్పుడు బస్టాండు ఫ్లెక్సీ దగ్గరికి వస్తాను.

కింద నిలబడి తలెత్తి చూశాను. నల్లతాడు ఉంది. మెడకు రెండు పక్కలా దిగి, గుండెల దాకా వచ్చి ఆగిపోయింది. దాని చివర ఏమీ లేదు. అక్కడ చీర మడతలు లేకుండా, ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉంది. చేతిలో అట్టముక్క లేదు. వేళ్ళు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మైనం కరిగినట్టు ఉన్నాయి. నా పక్కన పూలమ్మే ఆమె, బుట్ట నడుముకు ఆనించుకుని తనూ చూస్తోంది.

"అదేందయ్యా, ఆ తల్లి అద్దాలు యాడబోయినాయి?" అని అడిగింది నన్ను.

ఏడుపు రావలసిన చోట నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆమె చెప్పినదే ఆమె మీదే జరిగింది. ముద్ర తీశారు, బొమ్మలో ఒకటి పోయింది, ఎరిగినవాళ్ళకు తెలిసింది. ఆ గదిలో కంప్యూటర్ కట్టేసి ఉంటుంది, ఇనుప మెట్లకు గొలుసు వేసి ఉంటుంది. ఆమె రాసిన ప్రోగ్రాం మాత్రం బస్టాండు ఎదురుగా, అంతమంది నడిచే చోట, ఇంకా తన పని తాను చేస్తూనే ఉంది.

అక్కడినుంచి వాళ్ళ ఇంటికి పోయాను. షామియానా కింద జనం ఉన్నారు. తమ్ముడు నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. మంచివాడే. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అయినా నేను అడగవలసింది అడిగాను. "అక్క మింద అడ్డంగా ఆ పేరుండాదని, బాగుండదని, పిల్లోళ్ళు తీసేసినారన్నా. ఇప్పుడెందుకన్నా ఆ సంగతి?" అన్నాడు. ఫ్లెక్సీకి ఇచ్చిన ఫోటోనే ఫ్రేముకు కూడా ఇచ్చారట. కర్మ రోజుకు హాల్లో గోడకు పెడతారట. వెనకనుంచి ఎవరో, ఈయనకు పేరు పిచ్చి అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు. ఆ రాత ఎవరిదో ఆ జనంలో చెబుదామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. గొంతు రాలేదు. ఎన్ని ఆఫీసుల్లోనో మోగిన గొంతు అది.

ఇంటికి వచ్చి, ముద్ర ఉన్న ఫోటోను తమ్ముడి ఫోనుకు పంపాను. ఇది ఫ్రేము కట్టించండి అని రాశాను. చూసినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. మళ్ళీ పంపాను. రాలేదు.

కాబట్టి ఇది అర్జీ. తమ్ముడికీ, ఫోటో తుడిచిన పిల్లలకూ, ఫ్రేము కొట్టాయనకూ. మీరు తుడిచిన ముద్రలో పేరు నాది. రాత మీ అక్కది. ఒత్తు కుదిరేదాకా కాగితాల మీద కాగితాలు పెట్టి ఆమె చేత్తో రాసిన రాత అది. పేరు నాది కావడం మీకు కష్టంగా ఉంటే, ఆ పేరు ఎవరిదో ఎవరికీ చెప్పకండి, నాకు అభ్యంతరం లేదు. రాతను తుడవడానికి మాత్రం వీల్లేదు. కళ్ళజోడు లేని తాడుతో, వేళ్ళు లేని చేతితో ఆమెను గోడకు పెట్టడానికి వీల్లేదు. ఆ హాల్లోకి వచ్చిపోయే ప్రతి మనిషీ మేడం అద్దాలు యాడబోయినాయని అడుగుతాడు. ఏం చెబుతారు?

ఫోటో నాదేనా అని ఇంకా అనుమానం ఉంటే, ఆమె అడిగే ప్రశ్నే నన్ను అడగండి. ఫోటోలో పడకుండా, ఆమెకు ఎడమపక్క ఏముంది అని. తడుముకోకుండా చెబుతాను. ఒక ఎర్ర కుర్చీ ఉంది. నేను అప్పుడే అందులోంచి లేచాను.

అడగండి. ఫ్రేముకు అద్దం బిగించకముందే అడగండి. ఈ ఒక్కదానికి మాత్రం నాకు జవాబు కావాలి.